బడి ఎగ్గొట్టిన పిల్లలు – పోలీసుల అధికారం
(విజయవాడ వన్ టౌన్ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడి వేళల్లో యూనిఫారంతో సినిమా హాళ్ళ దగ్గర, కాలువ గట్ల మీద తిరిగే పిల్లల్ని పోలీసులు పట్టుకుని స్టేషన్లో కూర్చోబెట్టాలని కోరుతూ మనం అర్జీ ఇవ్వాలని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. వారి ఆవేదన నిజమైనదే. అయితే చట్టం ఏమంటున్నదో ముందు చూద్దాం.

బడి ఎగ్గొట్టడం మన దేశంలో నేరం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను బడిలో చేర్చే బాధ్యతను తల్లిదండ్రులపై పెట్టింది. హాజరు చూసే బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థది. పిల్లవాడి హాజరు సంగతి తల్లిదండ్రులకు చెప్పడం ఉపాధ్యాయుల విధి. ఇందులో పోలీసు ప్రస్తావన లేదు.

ఇంగ్లండులో 1998 నాటి చట్టం అటువంటి పిల్లల్ని బడికో, విద్యాధికారులు నిర్ణయించిన చోటికో చేర్చే అధికారం పోలీసుకిచ్చింది. మన విద్యాహక్కు చట్టంలో గాని, 2015 బాల న్యాయ చట్టంలో గాని అలాంటి సెక్షను లేదు.

మరి పోలీసు చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసే పిల్లవాడు, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా పడుకున్న పిల్లవాడు సంరక్షణ అవసరమైన బాలలు. వారిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ప్రతి స్టేషన్లో ఇందుకొక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. నేరం మోపబడిన బాలుణ్ణి సైతం లాకప్‌లో పెట్టకూడదని చట్టం చెబుతుంటే, బడికి వెళ్ళని పిల్లవాణ్ణి ఎలా నిర్బంధిస్తాం?

ఇంకొక్క మాట. మన ఊరు పెద్ద జంక్షను. స్టేషన్లో అవమానపడి, ఇంటికి వెళ్తే దెబ్బలు తప్పవని భయపడ్డ పిల్లవాడికి రైలు పక్కనే ఉంది. వీధి బాలల కోసం 1989లో ఇక్కడ నవజీవన్ బాలభవన్ ఎందుకు పుట్టిందో మనకు తెలుసు.

కాబట్టి నా మనవి: అర్జీ పోలీసులకు కాదు, బడికి ఇద్దాం. పిల్లవాడు రాని రోజునే ఇంటికి కబురు పంపమని అడుగుదాం. లెక్కలకు భయపడి బడి మానేవాడికి మనలోని రిటైర్డు మాస్టార్లు సాయంత్రం ఒక గంట కేటాయించవచ్చు. పనిలో కనిపించే పిల్లవాడి కోసం 1098కి ఫోను చేద్దాం.

పిల్లవాడు బడికి ఎందుకు పోలేదో అడగడానికి ఖాకీ బట్టలు అక్కర్లేదు, కాస్త తీరిక చాలు. అది మన దగ్గర ఉంది.