ఓట్ల లెక్క – సీట్ల లెక్క

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



"ప్రజాస్వామ్యము – ఆచరణలో లోపాలు" అను విషయముపై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. సర్వీసంతా రిజిస్టర్లు సరిచూసినవాణ్ణి, పోలింగు డ్యూటీలు చేసినవాణ్ణి కనుక లెక్కలతోనే చెబుతాను. ఏ పార్టీనీ మెచ్చుకోవడానికీ కాదు, తప్పు పట్టడానికీ కాదని మనవి.

2019లో మన శాసనసభ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లు వచ్చాయి. 175 సీట్లలో 151 దక్కాయి. తెలుగుదేశానికి 39 శాతం పైగా ఓట్లు వస్తే, సీట్లు 23. 2024లో చక్రం తిరిగింది. ఈసారి 39 శాతం పైగా ఓట్లు వైఎస్సార్ కాంగ్రెస్‌వి, సీట్లు 11. తెలుగుదేశం కూటమికి 164. ఓట్ల ప్రకారం పంచితే 39 శాతానికి 68 సీట్లు రావాలి. అది ఒకసారి 23, మరొకసారి 11 అయింది. ఇటువంటి బిల్లు ట్రెజరీకి వస్తే అభ్యంతరం రాసి వెనక్కు పంపరా?

కారణమేమిటంటే, పక్కవాడికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, గెలిచినట్టే. పుత్తూరు పేరుతో ఉండిన నియోజకవర్గం పునర్విభజనలో పోయి, 2009 నుండి మనము నగరిలో ఓటు వేస్తున్నాము. అక్కడ 2014లో 858 ఓట్లతో ఫలితం తేలింది. గెలుపు న్యాయమైనదే. కానీ ఓడినవారికి పడిన వేలాది ఓట్లకు సభలో ఐదేళ్లు గొంతు లేదు.

ఈ పద్ధతి మనము బ్రిటన్ నుండి తెచ్చుకొన్నది. అక్కడ 2024లో లేబర్ పార్టీకి 34 శాతం ఓట్లతో 650లో 400కు పైగా సీట్లు వచ్చాయి. 14 శాతం ఓట్లు వచ్చిన మరొక పార్టీకి 5 మాత్రమే. అమెరికా పద్ధతి వేరు, ఫలితం మరీ విడ్డూరం. 2016లో హిల్లరీ క్లింటన్‌గారికి 28 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా, అధ్యక్షుడైనది ట్రంప్‌గారు.

అంతమాత్రాన ప్రజాస్వామ్యమే వద్దనరాదు. స్విట్జర్లాండులో జాతీయ ఎన్నికల్లో స్త్రీలకు ఓటు 1971లో గాని రాలేదు. మన దేశంలో 1951–52 మొదటి ఎన్నికలనాడే చదువురాని అవ్వకూ, జమీందారుకూ ఒక్కొక్క ఓటే. ఆ ఓటుకు విలువ దక్కాలనే నా బాధ.

మందు మన ఇంట్లోనే ఉంది. తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేస్తాము. మొదటి లెక్కలో ఎవరికీ సగానికి మించి రాకపోతే, వెనుకబడినవారి ఓట్లను రెండో ప్రాధాన్యత ప్రకారం పంచుతారు. పట్టభద్రులకు పనికివచ్చినది అందరికీ ఎందుకు పనికిరాదు? పార్టీలకు వచ్చిన ఓట్లనుబట్టి సీట్లిచ్చే పద్ధతికి న్యూజిలాండ్ 1996లో మారింది.

మన డి.ఏ. బకాయిలైనా, మామిడి రైతు ధరైనా, సభలో నిలదీసి అడిగే ప్రతిపక్షం ఉంటేనే సమాధానం వస్తుంది. కనుక రేపు ఓట్లకోసం మన గడప తొక్కే ప్రతి అభ్యర్థినీ, "ఓడినవారి ఓటుకు విలువేది నాయనా?" అని అడగవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.