ఏడో పేజీ



మాస్టారి జ్ఞాపకార్థం జరిగే ఈ ఉపన్యాసంలో ఆయన పేరు పలకొద్దని, అచ్చులోనూ వేయొద్దని ఆయన పిల్లలు కోరారు. బోర్డు మీద అంత అందంగా బొమ్మలు వేసిన మనిషి ఒక్క బొమ్మ కిందా సంతకం పెట్టలేదు. మన తెలుగువాళ్లకు ఆయన మాస్టారు, బర్మీయ విద్యార్థులకు సయాజీ. ఈ పూటకు ఆ రెండు పిలుపులూ చాలు.

ఇక్కడ కూర్చున్న చిన్నవాళ్లు తాన్లిన్ వంతెన దాటి ఈస్ట్ యాంగోన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి చదువుకోగలరు. వంతెన 1993లో వచ్చింది, విశ్వవిద్యాలయం 2000లో. నా చదువు ఆ రెంటి నడుమ పడింది. 1996 డిసెంబరు విద్యార్థుల ఆందోళనల తర్వాత మూతబడ్డ తరగతుల్లో చాలావాటి తలుపులు 2000 జూలై దాకా తెరుచుకోలేదు. జంతుశాస్త్రం బీఎస్సీ సగంలో ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాను. అప్పటికే రిటైరైన మాస్టారు యాంగోన్‌లోని తాకేటాలో తన ఇంటి వసారాలో ఒక నల్లబల్ల ఆనించి, ఎనిమిది మందిని కూర్చోబెట్టారు. కరెంటు ఉన్న రోజు బల్బు, లేని రోజు లాంతరు. పుస్తకంలో ఇంగ్లీషు, వివరణ బర్మీసులో, నా సందేహం తెలుగులో. మూడు భాషల్లోనూ అందని సంగతి ఆయన చేతిలోని సుద్దముక్కకు అందేది.

గుండె పాఠం చెబుతాను. ఆయన బోధన మొత్తం అందులోనే ఉంది.

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్క స్పందన 0.8 సెకన్లలో ముగుస్తుంది. అందులో కర్ణికలు ముడుచుకోవడానికి 0.1, జఠరికలు ముడుచుకోవడానికి 0.3 సెకన్లు. మిగతాది విశ్రాంతి. ఇదంతా మాకు కంఠస్థమే. మాస్టారు ఒక పాత బియ్యం మిల్లు లెక్కల పుస్తకం తెచ్చారు. కుడి మూలన 24 పేజీల్లో 24 గుండెలు గీశారు. బొటనవేలితో జారవిడిస్తే గుండె కొట్టుకుంటుంది. మేం కేరింతలు కొట్టాం. ఆయన నవ్వి, ‘ఇప్పుడు ఆరో పేజీకీ ఏడో పేజీకీ తేడా చెప్పండి’ అన్నారు.

ఎవరమూ చెప్పలేకపోయాం. రెండు పేజీల్లోనూ ఒకే గుండె, ఒకే ఆకారం. ఏడో దాంట్లో గోడ మాత్రం పెన్సిల్ గట్టిగా ఒత్తి నల్లగా దిద్దారు.

ఏడో పేజీ చూపే క్షణం ఇదీ: జఠరికలు బిగుసుకోగానే కర్ణికల వైపు కవాటాలు మూసుకుంటాయి. స్టెతస్కోపులో మొదట వినిపించే ‘లబ్’ అదే. ధమనుల వైపు కవాటాలు ఇంకా తెరుచుకోలేదు. సెకనులో సుమారు ఇరవయ్యో వంతు సేపు నాలుగు తలుపులూ మూసే ఉంటాయి. ఒక్క చుక్క నెత్తురు లోపలికి రాదు, బయటికి పోదు. లోపల ఒత్తిడి మాత్రం పెరుగుతూ పోతుంది. ఎడమ జఠరికలో అది బృహద్ధమని ఒత్తిడిని, అంటే దాదాపు 80 మిల్లీమీటర్ల పాదరసాన్ని, దాటిన క్షణాన తలుపు తోసుకుని నెత్తురు దూకుతుంది. చూడటానికి ఏమీ జరగని ఆ పేజీలోనే గుండె అంత కష్టపడుతోంది. కదిలే బొమ్మలో ఆ పేజీ కంటికి ఆనకుండా దాటిపోతుంది.

తర్వాత మా చేత గీయించారు. నా ఏడో పేజీలో బృహద్ధమని కవాటం తెరిచి ఉంది. పరీక్షలో రాసి ఉంటే నా తప్పు దాగిపోయేది. ‘తర్వాత కవాటం తెరుచుకుంటుంది’ అని రాస్తే మార్కు పడుతుంది. గీసేటప్పుడు తలుపు తెరిచైనా ఉండాలి, మూసైనా ఉండాలి. ‘తర్వాత’ అనే మాటను గీయలేం.

మాస్టారు గీసి నేర్పడాన్ని మా అమ్మ ముగ్గుతో పోల్చుకుంటాను. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ల పిల్లలం కాబట్టి ఈ దేశంలో మనకు కోరంగీలన్న పేరు పడింది. ఆ ఓడలో ముగ్గు కూడా వచ్చింది. వేసేసిన మెలికల ముగ్గు చూసి దాన్ని వేయడం రాదు. చుక్కలు పెట్టి, గీత ఎక్కడ మొదలై ఏ చుక్క చుట్టూ తిరిగిందో అమ్మ పక్కన గొంతుక్కూర్చుని చూసినప్పుడే వస్తుంది. వేలి వెంట కన్ను వెళ్లాలి.

గీస్తుండగా చూస్తే బాగా వస్తుందన్నది నా ఇంటి అనుభవంతో ఆగలేదు. లోగన్ ఫియొరెల్లా, రిచర్డ్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2016లో కాలేజీ విద్యార్థులకు డాప్లర్ ప్రభావం పాఠం చెప్పి చూశారు. మాటలు అందరికీ అవే. కొందరికి ముందే గీసి ఉంచిన పటాలు చూపారు, కొందరి ముందు గీస్తూ చెప్పారు. గీస్తుండగా చూసినవాళ్లు, అందులోనూ విషయం అంతగా తెలియకుండా వచ్చినవాళ్లు, బాగా గ్రహించారు. గీసే చెయ్యి కనిపించడం వాళ్లకు సాయపడింది. అదే ఏడాది కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో సంగతి చెప్పారు: ఒక మాటను రాసుకున్నదానికన్నా దానికి బొమ్మ వేసుకుంటే ఎక్కువ గుర్తుంటుంది. బొమ్మ బాగా రాకపోయినా సరే. నాకు బొమ్మలు రావండీ అని వెనక్కి తగ్గే అధ్యాపకులకు ఈ ఒక్క సంగతి చెప్పాలని నా ఆత్రం.

మరి కంప్యూటర్ యానిమేషన్ వద్దా? నేను అలా అనడం లేదు. నా తరగతుల్లో ఈ చేతులతోనే ఎన్నో చూపించాను. మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ట్వెర్‌స్కీ బృందం 2002లో అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను తిరగేసి, కదలని బొమ్మకన్నా కదిలే బొమ్మ మేలని చెప్పడానికి ఆధారం దొరకలేదంది. ఒక కారణం వేగం. పరుగెత్తే గుర్రాన్ని మనిషి వేల ఏళ్లు చూశాడు. నాలుగు కాళ్లూ నేల వదిలేది ఎప్పుడో అనేది, 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ ఆ పరుగును ఫొటోలుగా విడగొట్టేదాకా తేలలేదు. మన కంటికి కదలిక అందాలంటే ముందు దాన్ని ఆపాలి.

అందం ఇంకో చిక్కు తెస్తుంది. 2006లో హార్వర్డ్ వాళ్లు తయారు చేయించిన ‘ది ఇన్నర్ లైఫ్ ఆఫ్ ది సెల్’ యానిమేషన్ చూసి నేను కదిలిపోయాను. కైనెసిన్ అనే ప్రోటీను బస్తా మోసే కూలీలా అడుగులో అడుగు వేస్తూ సంచిని లాక్కెళుతుంది. తరగతిలో ఎన్నిసార్లు చూపించానో. కానీ అసలు కణంలో అంత ఖాళీ జాగా లేదు. అక్కడ అణువులు కిక్కిరిసి, నీటి అణువుల తాకిడికి ఎటుపడితే అటు ఊగుతూ ఉంటాయి. ఆ ఊగిసలాట మధ్యనే కైనెసిన్ ముందుకు పోతుంది. ఆ రద్దీని చూపే మరో చిత్రం అక్కడివాళ్లే తర్వాత చేశారు. మొదటి చిత్రం చూసిన నా విద్యార్థులు కణంలో అణువులకు దారి తెలుసనుకున్నారు. ఆ అపోహ పోగొట్టడానికి ఒక నెల పట్టింది. రెండు చిత్రాలూ పక్కపక్కన చూపించి, మొదటిదాంట్లో ఏం వదిలేశారో గీయమన్నాక గానీ పోలేదు.

మనకు కొరత చిత్రాలది కాదు. పక్కనే తామ్వేలో కార్టూనిస్టు ఊ బా జాన్ పేరు మీద ఒక వీధే ఉంది. గీతను గౌరవించే ఊరు ఇది. ఫోనులో ఏ పాఠానికైనా యానిమేషన్ దొరుకుతుంది. విద్యార్థి దాన్ని ఆపే చోటు, ఆపి గీసే కాగితం, ఆ గీత చూసి ‘ఈ తలుపు ఎందుకు తెరిచావు?’ అని అడిగే మనిషి, ఈ మూడూ కావాలి. అధ్యాపకుడి గంటలో పావు వంతు విద్యార్థి పెన్సిలుకు వదిలేయమని నేను వెళ్లిన ప్రతి కాలేజీలో అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను. సిలబస్ పూర్తి కాదంటారు. ఒక పాఠం తగ్గించండి. కరెంటు పోయిన సాయంత్రం తెర ఆరిపోతుంది, ఆ పెన్సిలు ఆగదు.

మాస్టారి లెక్కల పుస్తకం వాళ్ల అమ్మాయి ఈ రోజు తీసుకొచ్చింది. అట్ట ఊడింది, మూలలు నలిగాయి, లోపల మిల్లు గుమాస్తా రాసిన బస్తాల లెక్క ఇంకా చదవొచ్చు. మొదటి వరస నుంచి పంపిస్తున్నాం. కుడిచేతి బొటనవేలితో మెల్లగా జారవిడవండి. ఒకసారి పూర్తిగా కొట్టుకోనిచ్చి, రెండోసారి ఏడో పేజీ దగ్గర ఆపండి. కుర్చీల మీద తెల్లకాగితాలు, పెన్సిళ్లు పెట్టి ఉన్నాయి.