లెక్కకు రాని ఓటు

రైతు సోదరులారా, 2020 సెప్టెంబర్ 20ని మనం మర్చిపోకూడదు. ఆ రోజు రాజ్యసభలో వ్యవసాయ బిల్లులను సెలెక్ట్ కమిటీకి పంపమని ప్రతిపక్షం అడిగింది. డివిజన్ కావాలంది. ఇవ్వలేదు. మూజువాణి ఓటుతో రెండు బిల్లులూ ఆమోదం పొందాయన్నారు. సభ్యులు వెల్‌లోకి దూసుకెళ్లడం మాకూ నచ్చలేదు గానీ, మర్నాడు ఎనిమిది మందిని సస్పెండ్ చేశారు. డివిజన్ జరిగితే ఎవరు ఎటు ఓటేశారో పేరుతో సహా రికార్డయ్యేది. ఇప్పుడు మన రాష్ట్ర సభ్యులను నిలదీద్దామంటే చేతిలో కాగితం లేదు. 2021 నవంబర్ 29న రద్దు బిల్లు కూడా లోక్‌సభలో చర్చ లేకుండానే దాటింది. మద్దతు ధర చట్టం సంగతి అడగాల్సింది అక్కడే. గెలిచాం కదా అని మనమూ ఊరుకున్నాం. ఈసారి ఎంపీ గారిని కలిసినప్పుడు, ఏ పార్టీ అయినా సరే, డివిజన్ అడుగుతారా లేదా తేల్చమందాం.