బ్రీదర్ పైపు గురించి నాలుగు మాటలు

(చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడవలసిన ఈ వేదిక మీద మోటారు సైకిలు పైపు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. దానికి కారణం ఉంది. పోయిన సమావేశం అయ్యాక టీ తాగుతూ ముగ్గురు మిత్రులు ఒకే మాట అడిగారు: "మెకానిక్ ఏదో పైపు ఎన్కకు మారుస్తనంటున్నడు, పికప్ పెరుగుతదట, మార్పించాల్నా?" అని. ఆ ముగ్గురికీ చెప్పేది అందరికీ చెబితే బాగుంటుందని ఈ ఏర్పాటు.

నేను ఇంజనీరును కాను. ముప్ఫై మూడేళ్లు ఫైళ్లు నడిపిన గుమాస్తాను. అయితే 1984లో మోటారు సైకిల్ అడ్వాన్స్ మంజూరై కొన్న బుల్లెట్ ఈనాటికీ నా ఇంట్లో నడిచే స్థితిలో ఉంది. దాని ఆయిల్ మార్పులకు, మరమ్మతులకు ఒక రిజిస్టరు ఉంది. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

ముందు ఆ పైపు ఎందుకు పెట్టారో చూద్దాం. ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుందని మనందరికీ తెలుసు. పిస్టన్ పైన పెట్రోలు మండుతుంది. పిస్టన్ కింద, క్రాంకు తిరిగే గదిని క్రాంక్‌కేస్ అంటారు. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా ఆ గదిలోని గాలిని తోస్తుంది. పాత బుల్లెట్ 350 ఇంజను 346 సీసీ. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 చుట్లు. అంటే సెకనుకు 17 లీటర్ల పైచిలుకు గాలి ఆ చిన్న గదిలో అటూ ఇటూ కదలాలి. 97 సీసీ హీరో హోండా 6000 చుట్ల వేగంతో తిరిగినా ఇది పది లీటర్లలోపే. పెద్ద సింగిల్ సిలిండర్ బండికి ఊపిరి బాధ ఎక్కువని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇది చాలదన్నట్టు, మండిన వాయువులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారుతుంది. అందులో కాలని పెట్రోలు, నీటి ఆవిరి, ఆమ్లాలు ఉంటాయి. వీటిని బయటికి పంపకపోతే ఒత్తిడి పెరిగి సీళ్లు, గాస్కెట్లలోంచి నూనె కారుతుంది. ఆయిల్ పాడై నల్లటి మడ్డిగా మారుతుంది. అందుకే క్రాంక్‌కేస్‌కు ఒక ముక్కు పెట్టారు. అదే బ్రీదర్ పైపు.

మనలో చాలామంది నడిపిన చేతక్, ఆల్విన్ పుష్పక్, యెజ్డీ, రాజ్‌దూత్ బండ్లకు ఈ పైపు గొడవ లేదు. అవి టూ స్ట్రోక్ బండ్లు. వాటిలో పెట్రోలు, గాలి కలిసి క్రాంక్‌కేస్‌లోంచే పైకి వెళ్తాయి. బుల్లెట్‌ను పక్కన పెడితే, 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చాకే మన ఊళ్లలో ఫోర్ స్ట్రోక్ బండ్లు ఇంటింటికీ చేరాయి.

పూర్వం ఈ పైపు కొసను నేల వైపు వదిలేసేవారు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరాన్ని పొగమంచు కమ్మేసినప్పుడు శాస్త్రజ్ఞులు పరిశీలిస్తే, కార్ల సైలెన్సరు ఒక్కటే కాదు, ఈ చిన్న పైపు కూడా పెద్ద దోషి అని తేలింది. కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్లకు, 1963 నాటికి ఆ దేశమంతటా కొత్త కార్లకు ఈ వాయువును తిరిగి ఇంజనులోకే పంపి కాల్చే ఏర్పాటు వచ్చింది. మన బండ్లలో పైపు ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి వెళ్లడం ఆ పద్ధతే. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, వాయువు "త్రూ ప్రాపర్ ఛానల్" పోవాలి.

ఇక మెకానిక్ చెప్పే మాట. ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్లే పైపు పీకి, పొడుగు పైపు తొడిగి వెనక నంబరు ప్లేటు దాకా లాగుతాడు. మధ్యలో గాలిని ఒకవైపే వదిలే వాల్వు పెడతాడు. కొందరు పాత కారు వాల్వు వాడతారు. "సార్, ఇగ బండి గుర్రం లెక్క ఉరుకుతది" అంటాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. వేడి ఆవిరి, నూనె తుంపర ఫిల్టర్‌లోకి పోకపోతే ఇంజనుకు శుభ్రమైన గాలి అందుతుంది. వాల్వు మంచిదైతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి తగ్గి నూనె కారడం తగ్గుతుంది. పందెం బండ్లకు ఇందుకోసం పంపులు కూడా పెడతారు. కానీ మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా నలభై, యాభై స్పీడులో పోయే మనకు ఆ తేడా తెలియదు. మా అన్న కొడుకు తన బుల్లెట్‌కు అలా పెట్టించాడు. పెట్టక ముందూ తర్వాతా మైలేజి లెక్క నేనే రాశాను. రిజిస్టరులో తేడా కనిపించలేదు. పాత ఫిల్టర్ తీసి కొత్తది వేసిన రోజున మాత్రం కనిపించింది.

నష్టాలు మాత్రం బాగా కనిపిస్తాయి.

మొదటిది ప్రాణానికి సంబంధించినది. వెనక్కి లాగిన పైపు కొసనుంచి నూనె చుక్కలు పడతాయి. కట్టిన తీగ వదులై పైపు పక్కకు జరిగితే ఆ చుక్కలు వెనక టైరు మీద పడతాయి. మన మిత్రుడొకరు చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్లి వస్తూ మలుపులో ఇలాగే జారిపడ్డారు. తుంటి ఎముకకు ఆపరేషను అయింది. ఈ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో ఈ సభలో నేను చెప్పనక్కరలేదు. వెనక సీటు మీద మనవరాలు లేకపోవడం దైవకృప. ఈ ప్రసంగానికి అసలు కారణం ఆ ఒక్క సంఘటనే.

రెండవది, వాల్వు లేని పైపు గాలిని వదలడమే కాదు, పీలుస్తుంది కూడా. పిస్టన్ పైకి పోయినప్పుడల్లా కొస దగ్గర ఉన్నదంతా లోపలికి లాగుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు మీద టిప్పర్లు లేపే దుమ్ము మీకు తెలుసు. ఆ దుమ్ము నేరుగా ఇంజను నూనెలో కలిస్తే అది నూనె కాదు, గరుకు కాగితం. వానాకాలం నీళ్లలో కొస మునిగితే మరీ ప్రమాదం.

మూడవది, రోగం దాగిపోతుంది. ఎయిర్ ఫిల్టర్‌లోకి నూనె వస్తోందంటే బండి మనకొక అర్జీ పెట్టుకున్నట్టు. పైపు పక్కకు తిప్పడమంటే ఆ అర్జీని చదవకుండా మరో సెక్షనుకు పంపడం. రింగులు అరిగి ఉంటే అరుగుతూనే ఉంటాయి. చివరికి బోరు కూడా చేయించాల్సి వస్తుంది.

నాలుగవది, ఆ ఆవిరి మనమూ మన వెనక వచ్చేవాళ్లూ పీల్చాలి. నూనె చుక్కలు వానకు కొట్టుకుపోయేది ఎటో ఆలోచించండి. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ మన పక్కనే ఉన్నాయి. వాటి కోసం 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాలకు వర్తించింది. 2022లో 69 జీవో వచ్చింది. ఆ రెండు జీవోల చర్చ మొదలుపెడితే ఈ సభ తెల్లవారినా ముగియదు. జీవో ఉన్నా లేకున్నా చెరువు చెరువే.

చట్టం మాట కూడా చెప్పాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 115వ నియమం ప్రకారం బండిని కాలుష్య ప్రమాణాలకు లోబడి ఉంచవలసిన బాధ్యత మనది. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. ఆ బండ్లలో క్రాంక్‌కేస్ వాయువు బయటికి రానేకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవారు సైలెన్సరులోనే గొట్టం పెట్టి చూస్తారు కాబట్టి ఈ పైపు పట్టుబడకపోవచ్చు. కానీ ఆడిట్‌లో పట్టుబడనంత మాత్రాన లెక్క సరైనదని మనం ఏనాడైనా రాశామా?

కొత్త బండ్లలో ఇంకా రెండు పైపులున్నాయి. ఒకటి ఫిల్టర్ నుంచి శుభ్రమైన గాలిని సైలెన్సరు మొదట్లోకి పంపుతుంది. అక్కడ మిగిలిన పొగ కాలిపోతుంది. దాన్ని మూసేస్తే పికప్ పెరగదు, పొగ పెరుగుతుంది. అది చిట్లితే సైలెన్సరులో టపటప శబ్దం వస్తుంది. అప్పుడు మార్చవలసింది పైపునే. రెండవది పెట్రోలు ట్యాంకు ఆవిరిని బొగ్గు డబ్బాకు చేర్చేది. అది నలిగితే ట్యాంకులోకి గాలి ఆడక బండి దారిలో ఆగవచ్చు. మనవళ్లు ఈ పైపులు పీకుతామంటే దయచేసి ఆపండి.

అయితే ఏం చేయాలి?

ముందు ఆయిల్ మట్టం చూడండి. డబ్బా తెరిచాం కదా అని మొత్తం పోయిస్తారు. ఎక్కువైన నూనె బ్రీదర్ పైపులోంచే బయటికి వస్తుంది. సగం బండ్ల జబ్బు ఇదే. బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాలకు కొలవండి. హీరో హోండా వంటి బండ్లలో కొలపుల్లను బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి.

ఎయిర్ ఫిల్టర్ పెట్టె అడుగున, కొసకు మూత ఉన్న చిన్న గొట్టం ఉంటుంది. ఆ మూత తీస్తే నిలిచిన నూనె, నీళ్లు దిగుతాయి. కింద డబ్బా పెట్టి, వానాకాలంలో తరచుగా తీయండి. కొన్న నాటి నుంచి దాన్ని ముట్టని బండ్లు మన సభ్యుల దగ్గరే ఎన్నో చూశాను.

కూరగాయలకని కిలోమీటరు పోయి వచ్చే బండి సరిగా వేడెక్కదు. లోపలి తేమ నూనెతో కలిసి మూత కింద తెల్లటి మీగడలా పేరుకుంటుంది. వారానికొకసారి అరగంట బండి నడిపితే అది పోతుంది.

పాత బుల్లెట్ పదిహేను రోజులు కదలకుండా నిలబడితే ఆయిల్ గదిలోని నూనె మెల్లగా క్రాంక్‌కేస్‌లోకి దిగి, స్టార్టు చేయగానే పైపులోంచి కక్కుతుంది. దానికి కంగారుపడి ఇంజను విప్పించకండి. కొంచెంసేపు నడిస్తే సర్దుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా నూనె వస్తుంటే, పైపు ఎండి చిట్లిందేమో, వాల్వు రబ్బరు గట్టిపడిందేమో చూపించండి. అది చవకైన పని. అప్పటికీ ఆగకుండా పైపులోంచి పొగ వస్తుంటే రింగులు అరిగాయని అర్థం. అప్పుడు ఖర్చుకు వెనకాడకండి.

ఫిల్టర్ శుభ్రంగా ఉండాలన్న పట్టుదల ఉంటే పాత బండ్లకు ఒక మధ్యేమార్గం ఉంది. క్రాంక్‌కేస్‌కూ ఫిల్టర్ పెట్టెకూ మధ్య చిన్న డబ్బా పెట్టించండి. నూనె డబ్బాలో నిలుస్తుంది, ఆవిరి ఫిల్టర్‌కు పోతుంది. వాయువు దారి తప్పదు, టైరు మీద చుక్క పడదు. డబ్బాను ఖాళీ చేయడం మాత్రం మరువకూడదు. నా బుల్లెట్‌కు ఉన్నది ఇదే. ఎవరైనా చూడదలిస్తే ఏ ఆదివారమైనా మా ఇంటికి రావచ్చు.

చివరిగా ఒక మనవి. ఇప్పటికే పైపు వెనక్కి పెట్టించుకున్నవారు ఈ సభలో ఉంటే, ఇంటికి వెళ్లగానే వెనక టైరు అంచును ఒకసారి చేత్తో తడిమి చూడండి. చేతికి జిడ్డు తగిలితే, రేపు ఆ బండి ఎక్కకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవండి.