పిడుగు మలచిన గాజు



పిడుగుతో పాటు ఆకాశం నుండి రాయి పడుతుందన్న నమ్మకం దక్షిణాదిలో చాలా పాతది. పొలాలలో దొరికిన నున్నని రాళ్లను పిడుగురాళ్లని పిలిచి, చెట్ల కింది గుళ్లలో ఉంచి పూజించేవారు. 1872లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ బళ్లారి సమీపాన కుప్పగల్లు కొండ వద్ద నవీన శిలాయుగపు స్థావరాన్ని గుర్తించాడు. పిడుగురాళ్లుగా పూజలందుకున్నవి ఆ యుగపు మానవుడు అరగదీసిన గొడ్డళ్లే.

అయితే పిడుగు రాయిని తేదు గాని, రాయిని చేస్తుంది. మెరుపు మార్గంలో ఉష్ణోగ్రత సుమారు 30,000 డిగ్రీలకు చేరుతుంది. ఇసుకలోని స్ఫటికశిల కరగడానికి దాదాపు 1,700 డిగ్రీలు చాలు. పొడి ఇసుకపై పిడుగు పడినప్పుడు దాని దారి చుట్టూ ఉన్న రేణువులు కరిగి, రెప్పపాటులో గాజుగా గడ్డకడతాయి. లోపల బోలుగా, నునుపుగా, వెలుపల ఇసుక అంటుకొని గరుకుగా ఉండే ఆ గొట్టానికి, మెరుపును తెలిపే లాటిన్ పదాన్నిబట్టి, ఫల్గురైట్ అని పేరు. అది చెట్టు వేరువలె కొమ్మలు చాచుతూ కిందికి పోతుంది. 1833లో ఉరుగ్వే దేశపు మాల్డొనాడో ఇసుక దిబ్బలలో చార్లెస్ డార్విన్ అటువంటి గొట్టాలను చూచి, ఒకదానిని చేతులతో తవ్వుతూ రెండడుగుల లోతు వరకు వెంబడించాడు.

చెట్టు కింద తలదాచుకున్న గొర్రెల మంద ఒక్క పిడుగుకు కూలిపోవడంలో వింత లేదు. పిడుగు చెట్టుతో ఆగదు. నేలలోకి దిగి పక్కలకు పాకుతుంది. ఉరుముల వేళ చెట్టు నీడకు పోవద్దని పిల్లలకు చెప్పేటప్పుడు నల్లబల్లపై ఈ గాజువేరు బొమ్మ గీసి చూపితే, వంద బెదిరింపులకన్నా బాగా పనిచేస్తుంది.

బెంగుళూరులో గాజును గురించి ఆలోచించిన మహనీయులు సర్ సి.వి. రామన్. విశాఖపట్నంలో బాల్యం గడిపిన ఆయన, నేలలో శతాబ్దాలు పడి పొరలుదేలిన ప్రాచీన గాజు ఇంద్రధనుస్సు రంగులను ఎందుకు వెదజల్లుతుందో పరిశోధించారు. 1948లో ఇక్కడ తమ సంస్థను స్థాపించి ఖనిజాలను, స్ఫటికాలను ఎంతో మక్కువతో సేకరించారు.

ఈజిప్టు నైరుతి భాగంలోని ఎడారిలో దొరికిన ఒక ఫల్గురైట్‌పై 2007లో పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. దాని వయస్సు సుమారు 15,000 సంవత్సరాలు. గాజు గడ్డకట్టిన క్షణాన చిక్కుకున్న వాయువులు బుడగలలో అలాగే నిలిచి ఉన్నాయి. వాటిని పరీక్షించగా, నాటి నేలలో మొక్కల శేషాలు ఉండేవని తేలింది. నేడు చుక్క వాన కరవైన ఆ చోట ఒకనాడు గడ్డి, పొదలు పెరిగేవి, మేఘాలు ఉరిమేవి.