పూలకాలం, తుమ్ములకాలం

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఎటు చూసినా పూతే. చింతామణి వైపు మామిడి తోటలు ముదురు ఆకు కనబడనంతగా పూస్తాయి. రోడ్ల పక్కన కానుగ, కన్నడంలో హొంగె అంటామే, అది చిన్న చిన్న పూలు రాల్చి నేలంతా పరుస్తుంది. ఉగాది నాటికి వేపపూత సిద్ధం. ఇంటిముందు గులాబీ, మల్లె, కనకాంబరం సరేసరి. ఇదే కాలంలో కొన్ని ఇళ్ళల్లో పొద్దున లేచింది మొదలు వరుసగా పది పన్నెండు తుమ్ములు, కళ్ళదురద, ఆగకుండా ముక్కు కారడం. అప్పుడు పెద్దవాళ్ళిచ్చే తీర్పు ఒకటే. “ఆ పూలకుండీలు తీసి పారేయండి. పిల్ల తలలో పూలు పెట్టొద్దు.” ఈ తీర్పుమీద అప్పీలు చేసుకోవడానికే నేటి ప్రసంగం.

పూలలో రెండు వర్గాలున్నాయి. గులాబీ, మందారం, కనకాంబరం వంటివి తేనెటీగలనూ, సీతాకోకచిలుకలనూ, పక్షులనూ పిలుచుకునేవి. వాటి రంగూ, తేనే, కొన్నింటి వాసనా ఆ పిలుపుకోసమే. వీటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. వచ్చిన అతిథి ఒంటికి అంటుకుని పోవాలి కదా! అది గాలిలో ఎక్కువ దూరం పోలేదు. రెండో వర్గం గాలిని నమ్ముకున్నది. గడ్డిజాతులు, సరుగుడు ఇందులోవే. సరుగుడును కన్నడంలో ‘గాళి మర’ అంటారు, పేరులోనే గాలి ఉంది. వీటి పూలకు రంగు లేదు, వాసన లేదు. చాలామంది అవి పూలనే గుర్తించరు. కానీ పొడిపొడిగా, తేలిగ్గా ఉండే పుప్పొడిని ఇవి విపరీతంగా గాలిలోకి వదులుతాయి. కొందరి శరీరం ఆ పుప్పొడిని శత్రువుగా భావించి హిస్టమిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. తుమ్ములూ, దురదా దాని పనే.

ఈ సంగతిని పరీక్షచేసి చూపినవాడు ఇంగ్లండులోని మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ ఈ జబ్బుండేది. పుప్పొడి తన ముక్కుమీదే ప్రయోగించుకున్నాడు. గాలిపటాలు ఎగరేసి, పైగాలిలో ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. గడ్డి పుప్పొడే కారణమని 1873లో పుస్తకం ప్రచురించాడు. అయినా లోకం గులాబీనే తప్పుపట్టింది. 1886లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్ మెకెంజీ అనే వైద్యుడు, గులాబీ దగ్గరికొస్తే చాలు తుమ్ములొస్తాయనే ఒక స్త్రీ ముందు గులాబీ ఒకటి పెట్టాడు. వెంటనే ఆమెకు ముక్కు కారడం మొదలైంది. తీరా అది కృత్రిమంగా తయారుచేసిన పువ్వు! ఆమెది నటన కాదు. భయం కూడా ముక్కును పట్టుకోగలదు.

మనకు గాలివర్గంలో ఇంటి చుట్టమే ఒకటుంది. పట్టుపురుగులకు వేసే మల్బరీ. తెల్లమల్బరీ మగపువ్వు కేసరాలు బిగబట్టిన విల్లులా ఉండి ఒక్కసారిగా విడిపోతాయి. అప్పుడు పుప్పొడి ధ్వనివేగంలో సగానికి మించిన వేగంతో బయటికి చిమ్ముతుందని 2006లో శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఆకుకోసం తరచు కత్తిరించే తోటల్లో పూత తక్కువ. గట్లమీద చెట్టుగా ఎదగనిచ్చిన మల్బరీని మాత్రం గమనించుకోవాలి.

అయితే మన సీమలో అసలు ముద్దాయి కాంగ్రెస్ గడ్డి. ఆంధ్రలో వయ్యారిభామ అంటారు, పేరు మాత్రం ముద్దుగానే ఉంది! 1950ల్లో పూనా దగ్గర కనబడిన ఈ విదేశీ మొక్క దేశమంతా పాకింది. బెంగుళూరులో రెండువేలమందికి పైగా పరీక్షించిన ఒక పరిశీలన 1991లో వెలువడింది. నూటికి ఏడుగురికి దీని పుప్పొడివల్లే ముక్కుజబ్బు వచ్చినట్టు అందులో తేలింది. దీని ఆకులు తినే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగుళూరు ప్రాంతంలో వదిలారు. వానాకాలంలో అది బాగానే తింటుంది, ఎండాకాలంలో మట్టిలో దూరి నిద్రపోతుంది. మొక్కకు జోరు వానల తరువాతే గాని, మురుగుకాలువ పక్కన తడి ఉన్నచోట వసంతంలోనూ పూస్తూనే ఉంటుంది. కుండీలోని గులాబీని పీకేసి, ప్రహరీ వెనక దీన్ని నడుమెత్తు పెరగనిచ్చే ఇళ్ళు ఎన్ని లేవు!

పూలన్నీ నిర్దోషులని మాత్రం అనను. చామంతి, బంతి కూడా ఈ కాంగ్రెస్ గడ్డి కుటుంబంలోవే. ఆ మొక్క పడనివారిలో కొందరికి చామంతి కోసినా, కట్టినా చేతులమీద దద్దుర్లు, దురద రావచ్చు. మన తాలూకాల్లో చామంతి సాగుమీదే బతికే కుటుంబాలున్నాయి. వారు పూలు కోసేటప్పుడు నిండుచేతుల చొక్కా, చేతికి తొడుగు వాడి, పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి. దురద తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించాలి. సంపెంగ, రాత్రిరాణి వంటి ఘాటువాసనలు కూడా, ఎలర్జీ లేకపోయినా, సున్నితమైన ముక్కును మండిస్తాయి. వాటిని కిటికీకి దూరంగా నాటుకుంటే చాలు.

తుమ్ములున్నవారు తోటకు దూరం కానక్కరలేదు. గాలి బాగా వీచే ఎండపూట కాక, వాన పడి వెలిసిన తరువాతో, నీళ్ళు చల్లాకనో వెళ్ళండి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోండి. లోపలికి రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చుకోండి. ఆ బట్టలతోనే పక్కమీద వాలడం చాలామందికున్న అలవాటు, రాత్రంతా తుమ్ములకు అదే కారణం. పొడిచీపురుతో వాకిలి ఊడ్చేకంటే మన పాత కళ్ళాపే మేలు. మందుల షాపులో ఇచ్చే పాతరకం జలుబు మాత్రలు నిద్ర తెస్తాయి, అవి వేసుకుని స్కూటరు ఎక్కవద్దు. నెలల తరబడి బాధపడేవారికి డాక్టరు రాసే ముక్కు స్ప్రే ఎక్కువ మేలు చేస్తుంది, అయితే క్రమంగా వాడాలి. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉంటే అది ఉబ్బసం కావచ్చు, ఆలస్యం చేయకూడదు. ఇన్‌హేలరు అలవాటైపోతుందని భయపడి పిల్లలకు మాన్పించేవాళ్ళున్నారు. మందు నేరుగా ఊపిరితిత్తులకు, అతి తక్కువ మోతాదులో చేరే మార్గం అది.

చివరగా, తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. శ్రమదానం రోజున పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒట్టిచేతులతో కాంగ్రెస్ గడ్డి పీకించడం మన బడుల్లో మామూలు. ఉబ్బసం, చర్మపు దురద ఉన్న పిల్లలను ఆ పనికి అసలు పెట్టకండి. పెద్దవాళ్ళు, చేతికి తొడుగుతో, నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి. పూశాక పీకితే పుప్పొడి మన ముఖంమీదే రాలుతుంది. ఖాళీ అయిన చోట కనకాంబరం నాటించండి. ఆ పని పిల్లలకివ్వండి, తుమ్మే పిల్లలకు కూడా.