మగ్గం ముందు ఫోను: చూసేవాళ్ళు చివరిదాకా ఆగాలంటే

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మార్కండేయ స్వామిని కొలిచేవాళ్ళం, చౌడేశ్వరి అమ్మవారిని కొలిచేవాళ్ళం అందరం ఒకే పందిట్లో కూర్చున్నాం. మన ఊళ్ళు వేరు, ఇరుగుపొరుగు భాషలు వేరు. పడుగు, పేక అన్న రెండు మాటలు మాత్రం అందరి ఇళ్ళలోనూ ఒకటే.

ఈ రోజు మాకు అప్పజెప్పిన విషయం, మన పనిని చిన్న వీడియోలుగా తీసి జనం చివరిదాకా చూసేలా చేయడం. ఇది పిల్లల ఆట అని కొందరు పెద్దలు అనుకోవచ్చు. కానీ ఒక్కసారి లెక్క చూడండి. 2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణనలో చేనేత పనివాళ్ళు 35 లక్షల 22 వేల మంది ఉన్నారని తేలింది. ఇంతమంది చేసే పనిని కొనేవాళ్ళలో ఎక్కువమంది కళ్ళారా చూసి ఉండరు. ఫొటోలో 600 రూపాయల ప్రింటు చీర, 6,000 రూపాయల నేత చీర ఒకేలా కనిపిస్తాయి. ఆ తేడా నేస్తున్నప్పుడే తెలుస్తుంది. నేయడాన్ని దూరాన ఉన్నవాళ్ళకు చూపించగలిగేది వీడియో ఒక్కటే. మన కూలి గిట్టుబాటు కావడం, మన పిల్లలు మగ్గం దగ్గర నిలబడడం కొంతవరకు దీని మీద కూడా ఆధారపడి ఉన్నాయి.

2020 జూన్‌లో టిక్‌టాక్ మన దేశంలో ఆగిపోయింది. ఆ ఏడాదే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. అప్పటినుంచీ మన ఇళ్ళలోనూ వీడియోలు తీస్తున్నారు. వాటిలో చాలావాటిని ఎందుకు దాటేసి వెళ్ళిపోతున్నారో ముందు మాట్లాడుకుందాం.

మన వీడియోలు ఎలా మొదలవుతాయి? ముందు దేవుడి పటం, తర్వాత షాపు పేరు, ఆ తర్వాత "అందరికీ నమస్కారం, ఈ రోజు మన దగ్గరికి కొత్త స్టాక్ వచ్చింది". అప్పటికి పది సెకన్లు అయిపోతాయి. ఇంటికొచ్చిన చుట్టానికైతే ముందు మంచినీళ్ళిచ్చి, మర్యాదలు చేసి, తర్వాత మాటలు మొదలుపెడతాం. ఫోనులో చూసేవాడు చుట్టం కాడు, సంతలో నడిచిపోతున్న మనిషి. మన కొట్టు ముందు రెండు మూడు సెకన్లే ఉంటాడు. ఆ రెండు సెకన్లలో చేతిలో సరుకు కనపడాలి. నమస్కారం చివర్లో పెట్టుకుందాం, తప్పేం లేదు.

మొదట ఏం చూపించాలి? కదలిక చూపించండి. నాడె కెమెరా వైపు దూసుకొచ్చే క్షణం చూపించండి. తెగిన పడుగు దారాన్ని వేలి కొసతో ముడి వేసే క్షణం చూపించండి. పోచంపల్లి తరహా టై అండ్ డై చేసేవాళ్ళయితే, రంగులో ముంచిన నూలు మీద కట్టు కోసే క్షణం చూపించండి. ఎర్రటి నూల్లోంచి తెల్లటి మచ్చ బయటపడుతుంటే చూసేవాడి వేలు ఆగిపోతుంది. బరంపురం వాళ్ళకు పట్టుచీర అంచులో గుడి గోపురాల వరుసలా లేచే ఫోడా కుంభం ఉంది. ఆ వరుస ఒక్కో పేకకీ ఎలా పెరుగుతోందో దగ్గరగా తీస్తే చాలు.

రెండో సంగతి, చూసేవాడి మనసులో ఒక ప్రశ్న పుట్టించి జవాబు చివరిదాకా దాచాలి. "ఈ కట్టు విప్పితే ఏ బొమ్మ వస్తుంది?", "ఈ రెండు చీరల్లో చేత్తో నేసింది ఏది?" అని అడగండి. జవాబు మాత్రం తప్పకుండా చెప్పాలి. ఊరించి చెప్పకుండా వదిలేస్తే రెండోసారి మన వీడియో చూడరు. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారన్న మాట మనలో తెలియనివాళ్ళు తక్కువ. ఎందుకు గుర్తుండిపోయింది? అందులో విషయం ఒక్కటే, అదీ కళ్ళకు కట్టినట్టు కనపడేది. మనం మాత్రం ఒకే వీడియోలో ఇరవై చీరలు, రంగులు, రేట్లు, అడ్రసు అన్నీ కుక్కుతాం. ఒక వీడియోకి ఒక్క విషయం చాలు. ఇరవై చీరలుంటే ఇరవై వీడియోలు అవుతాయి.

మూడోది లెక్క. "చాలా కష్టమండీ" అంటే ఎవరికీ అందదు. అంకె చెప్పండి. అయిదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు. అంగుళానికి 80 పేకలు పడితే ఒక్క చీరకు నాడె 17 వేల సార్లకు పైగా అటూ ఇటూ తిరగాలి. మీ మగ్గం మీద అంగుళానికి ఎన్ని పేకలు పడతాయో మీరే లెక్కపెట్టి, మీ అంకె మీరు చెప్పండి. అంకె విన్నాక అదే నాడెను చూస్తే రేటు గురించి బేరమాడే నోరు కాస్త తగ్గుతుంది.

నాలుగోది మనిషి. చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది. ఆసు యంత్రం ఎలా పనిచేస్తుందో చాలామందికి గుర్తుండకపోవచ్చు. ఆసు పోసీ పోసీ తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక కొడుకు యంత్రం కనిపెట్టాడన్నది ఎవరూ మర్చిపోరు. మన ఇళ్ళలో కండెలు చుట్టే అవ్వ ఉంది, పడుగు అతికే పెద్దమ్మ ఉంది. నేతగాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళేనని ఆ గణనే చెప్పింది. మన వీడియోల్లో మాత్రం చీర కట్టుకున్న మోడల్ కనిపిస్తుంది, నేసిన తల్లి కనిపించదు. ఆమెకు ఇష్టమైతే, ఆమెను అడిగి, ముందు ఆమె చేతులు చూపించండి. చేతులు చూశాక ముఖం చూడాలనిపిస్తుంది.

ఇక శబ్దం. మగ్గం చప్పుడును కప్పేసి సినిమా పాట పెట్టడం మానేద్దాం. ఆ పాట వేరేవాళ్ళది. హక్కుల పేరుతో వీడియోలో మాట ఆపేసే అవకాశం కూడా ఉంది. మగ్గం చప్పుడు మనదే, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

భాష గురించి ఒక మాట. సోలాపూర్ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మరాఠీలో రాస్తారు. సేలంలో తమిళం, బెంగళూరులో కన్నడం, బరంపురంలో ఒడియా. దీన్ని లోటు అనుకోకండి. మాట మన ఇంటి తెలుగులో ఉండనివ్వండి, ఏ యాస ఉంటే ఆ యాసలోనే. కింద రాత మాత్రం కొనేవాళ్ళ భాషలో వేయండి. బస్సులో, ఆఫీసులో చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి రాత తప్పనిసరి.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పం. ఫోను నిలువుగా పట్టండి. లెన్సు మీద నూలు దుమ్ము పేరుకుంటుంది, మెత్తటి గుడ్డతో తుడవండి. పొద్దుటి వెలుగు కిటికీలోంచి పడేటప్పుడు తీయండి. గుంట మగ్గం అయితే ఫోను కింద పెట్టి పైకి తీస్తే కాళ్ళ పని కూడా కనిపిస్తుంది. నిడివి 30 సెకన్లు సరిపోతే 31 వద్దు. పెట్టాక యూట్యూబ్ స్టూడియోలో చూసేవాళ్ళు ఎక్కడ వెళ్ళిపోయారో చూపించే గీత ఉంటుంది. గీత ఎక్కడ దబ్బున పడిందో అక్కడ మన మాట ఎక్కువైందని అర్థం. తర్వాతి వీడియోలో అది తీసేయండి.

ఇప్పుడు అసలు మాట. చూపు నిలపడం ఒక ఎత్తు, నమ్మకం నిలపడం ఇంకో ఎత్తు. చూపు కోసం అబద్ధం ఆడితే రెండూ పోతాయి. మనలో మరమగ్గాల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, అది మనవాళ్ళ చెమట. మరమగ్గం సరుకును మరమగ్గం సరుకనే చెబుదాం. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం కూడా వచ్చింది. చేనేత అయితే 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కును, అసలు పట్టు అయితే సిల్క్ మార్కును చీరతో పాటు దగ్గరగా చూపించండి. చీర వెనకవైపు కూడా తిప్పి చూపించండి. ప్రింటు చీర వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది, టై అండ్ డై నేత రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ఈ ఒక్క తేడా నేర్పితే కొనేవాడు మోసపోడు, మన పక్కన నిలబడతాడు.

కొన్ని చూపించకూడనివి కూడా ఉన్నాయి. అమ్మకానికి రాని కొత్త డిజైను గ్రాఫు పేపరు చూపించకండి, మీ చీర కంటే ముందే దాని ప్రింటు బజారుకు వస్తుంది. ఇంటి అడ్రసు, ఆడపిల్లల ఫోను నంబర్లు పెట్టకండి. వ్యాపారానికి వేరే నంబరు వాడండి. డబ్బులు వచ్చాయని ఎవరో స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకండి. ఖాతాలో పడ్డాకే చీర పంపండి.

చివరగా సమాఖ్య పెద్దలకు ఒక విన్నపం. 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన ఆగస్టు 7ను జాతీయ చేనేత దినంగా 2015 నుంచి జరుపుకుంటున్నాం. ఏటా దండలు, ఉపన్యాసాలు అవుతున్నాయి. వచ్చే ఆగస్టు 7కి మన ప్రతి ఊరి సంఘం నుంచి నేత తెలిసిన ఒక పెద్ద, ఫోను తెలిసిన ఒక పిల్ల లేదా పిల్లవాడు జతగా కూర్చుని ఒక్కో వీడియో తీయాలి. పెద్దకు పని తెలుసు, పిల్లలకు తీయడం తెలుసు. ఆ ఇద్దరూ ఒక గంట మగ్గం దగ్గర కూర్చుంటే, వీడియో ఎంతమంది చూసినా చూడకపోయినా, మన పిల్లలకు పడుగంటే ఏమిటో, పేకంటే ఏమిటో తెలుస్తుంది. మనకు అదే మొదటి లాభం.